ఎడారిలో దొరికిన పన్నె నోరు

మా మనుమరాలు ఏడో తరగతి. బడిలో సైన్సు ప్రదర్శన ఉన్నదని పోయిన నెల ఒక కాగితం తెచ్చి నాకు చదివి వినిపించింది. దక్షిణ అమెరికాలో చిలీ దేశం, అక్కడ అటకామా ఎడారి. భూమి మీద అంత ఎండిన తావులు చాలా తక్కువ. ఆ ఎడారి గుట్టల్లో, సెర్రో టోర్మెంటో అనే చోట, టెరోసార్ల ఎముకలు దొరికినయంట. చిలీ విశ్వవిద్యాలయం వాళ్ళు 2022లో ఆ సంగతి బయటపెట్టిన్రు. టెరోసార్లంటే డైనోసార్ల కాలంలో ఎగిరిన సరీసృపాలు. ఇవేమో నీళ్ళు వడగట్టి, రొయ్యపిల్లల్లాంటి చిన్న జీవుల్ని తినే రకం.

నేను చదివింది నాలుగో తరగతి దాకనే. అయినా ఊకోలే. "ఎడారిలో నీళ్ళు వడగట్టుడేందే? నీ కాగితం తప్పు" అన్న.

"తాతా, పది కోట్ల ఏండ్లకు ముందటి మాట!"

అప్పుడు కూడా అది పొడి నేలనే. కాని వాన పడితే వాగులు పారేవి, మడుగులు నిలిచేవి. వరద తెచ్చిన ఇసుక, మట్టి ఆ ఎముకల్ని కప్పేసింది. టెరోసార్ ఎముక లోపల బోలు, గోడ మహా పలుచన. మామూలుగా పైబరువుకు నలిగి అప్పడం అయిపోతది. ఇక్కడివి ఆకారం చెడకుండా మిగిలినయి. అది కూడా ఒక్క జంతువుది కాదు, కొన్నింటివి ఒక్క తావున. దాదాపు 65 కిలోమీటర్ల అవతల ఇంకో గుట్టలో అంతకు ముందే ఇట్లనే దొరికినయి. గుంపులుగా బతికేవని పండితుల లెక్క.

నా మనసు మాత్రం వాటి నోటి మీదనే నిలిచింది. ఆ కుటుంబానికి వచ్చిన పేరులోనే దువ్వెన అనే మాట ఉన్నది. వీటి చుట్టం ఒకటి పక్కన అర్జెంటీనాలో దొరికింది, టెరోడాస్ట్రో. హోసే బోనపార్టే అనే ఆయన 1970లో దానికి ఆ పేరు పెట్టిండు. రెక్కలు చాపితే రెండున్నర మీటర్లు. కింది దవడలో దాదాపు వెయ్యి పండ్లు, వెంట్రుకల్లెక్క సన్నగా, పక్కపక్కనే. మన ఉజని డ్యాం నీళ్ళకు చలికాలం వచ్చే ఫ్లెమింగోల ముక్కు కూడా వడగట్టే పనే చేస్తది, కాని వాటికి పండ్లు లేవు.

వెయ్యి సన్న పుల్లలు అనంగనే నాకు సాంచ మీది పన్నె కండ్ల ముందటికి వచ్చింది. పోగు నున్నగుంటే పుల్లల సందుల నుంచి పోతది. ముడి ఉంటే అక్కడనే తట్టుకుంటది, తెగుతది. ముప్పై ఏండ్లు ఆ తెగిన పోగుల్నే అతికిన నేను. మరి నాకు ఇది తెల్వదా?

మా మిల్లు బందైన రోజు పారేసిన పన్నె ముక్క ఒకటి ఇంటికి తెచ్చుకున్న. మా ఇంటామె దాన్ని ఎన్నిసార్లు భంగారు వానికి వెయ్యబోయిందో. అది తీసి, పళ్ళెంలో నీళ్ళు పోసి, పిడికెడు ఆవాలు చల్లి, పన్నెతోని ఎత్తి చూపించిన. నీళ్ళు జారిపోయినయి, ఆవాలు పుల్లల మీద నిలిచినయి. పిల్ల ఎగిరి గంతేసింది. "ఇది నేను బడికి తీసుకపోత" అన్నది.

తీసుకపోయింది. చూసినోళ్ళు టెరోసార్ గురించి ఒకటో రెండో అడిగిన్రంట. పన్నెను చూపించి "ఇదేంది?" అని మాత్రం సగం మంది అడిగిన్రంట. షోలాపూర్ పిల్లలు!