బొమ్మల ముఖచ్ఛాయ – పాత రంగు దొరకనప్పుడు

అటకమీది బొమ్మల పెట్టెలు కిందికి దిగే రోజులు దగ్గరపడినవి. తమిళనాటను, కన్నడ దేశమునను స్థిరపడిన మన కుటుంబాలలో చాలామంది నవరాత్రులకే కొలువు పెట్టుదురు. కొందరు సంక్రాంతి కొలువును కూడా మానలేదు. ఏ పండుగకైనా పెట్టె తెరచినప్పుడు కనిపించేది ఒకటే. ఒక బొమ్మకు ముక్కు చెక్కుపోయి ఉంటుంది, మరొకదానికి చెంపమీద పెచ్చు లేచి ఉంటుంది. చీర రంగులోనో, కిరీటము రంగులోనో కొంచెం తేడా వస్తే ఎవరూ పట్టించుకొనరు. ముఖము అట్లా కాదు. గోరంత మచ్చ వేరే రంగులో పడినా బొమ్మ మనిషే మారిపోతుంది.

మేము చిత్రకారులము కాము. పగలంతా ఆఫీసులో ఫైళ్ళు చూచుకొనే గుమాస్తాలము. అయినా ఇంట్లో డెబ్బై పైచిలుకు బొమ్మలు ఉన్నందున కొన్నేళ్ళుగా ఈ పని మా చేతనే జరుగుతున్నది. పాత రంగు సీసా ఎండిపోవును. అంగడికి పోతే ఆ కంపెనీ సరుకు రావడం లేదని చెప్పి మరొక కంపెనీది చేతిలో పెట్టుదురు. అప్పుడు ఏమి చేయవలెనన్నదే ఇక్కడ వ్రాస్తున్నాము.

సీసామీది పేరు

మొదట తెలుసుకొనవలసినది, పేరును నమ్మరాదని. ‘ఫ్లెష్’ అని ఆంగ్లములో పేరున్న రంగు చాలా కంపెనీలలో ఉన్నది. చిన్న చిన్న సిపాయి బొమ్మలకు రంగులు వేసేవారు వాడే హంబ్రోల్ 61 నంబరు, జపాను వారి తామియా ఎక్స్.ఎఫ్. 15 – రెండింటికీ అదే పేరు. ఏ కంపెనీ రంగుకు ఏ కంపెనీ రంగు సమానమో చూపే పట్టికలు కూడా ఉన్నవి. అవి దారి చూపుటకు పనికివచ్చును గాని, అతుకు కనబడకుండా వేయుటకు చాలవు.

పైగా ఈ ‘ఫ్లెష్’ అన్నది ఎవరి ఒంటి రంగు? పాశ్చాత్య దేశముల తెల్లవారిది. అమెరికాలో పిల్లల రంగు కడ్డీలు చేసే క్రేయోలా కంపెనీ 1962లో ఆ పేరు తీసివేసి ‘పీచ్’ అని పెట్టినది. 2020లో లోకములోని నానా ఛాయలకు 24 కడ్డీల పెట్టె తెచ్చినది. మనకు చామనఛాయ, పసిమిఛాయ, గోధుమవన్నె, నలుపు అని ఇన్ని మాటలున్నవి. వీటిలో ఏదీ ఆ ‘ఫ్లెష్’ సీసాలో దొరకదు. కలుపుకొనవలసినదే.

మా శెట్టెమ్మ సంగతి

కొలువులో పప్పులు, బియ్యము ముందు పెట్టుకొని కూర్చున్న శెట్టి దంపతులు లేని ఇల్లు అరుదు. మా ఇంట ఆ జంట మా పెద్దమ్మగారి తల్లిగారి నాటిది. ఒక ఏడు రంగులు బాగా రాలిపోగా, ఊరిలో బొమ్మలు బాగుచేసే ఒకరికి ఇచ్చినాము. శెట్టెమ్మ గులాబి బుగ్గలతో మెరిసిపోతూ తిరిగివచ్చినది. పెద్దమ్మగారు కళ్ళద్దాలు పెట్టుకొని చూచి, “ఇదెవరురా, కొత్త మనిషిని తెచ్చినారు? మా శెట్టెమ్మ ఎండలో కూర్చుని పప్పులు అమ్ముకున్నది!” అన్నారు. ఆ ఏడు ఆ జంటను మెట్టుమీద పెట్టనివ్వలేదు. మైలాపూరు ఉత్తర మాడవీధిలో కొలువు అంగళ్ళ వెంట నడచినా, మన బొమ్మలు ఏటేటా తెల్లబడుతున్నవేమో అనిపించును. ఇంటిలోని పాత బొమ్మలనైనా వాటి ఛాయతో నిలుపుకొనడం మన చేతిలోని పని.

అసలు ఛాయ ఎక్కడున్నది

ముఖము మీద కనబడేది అసలు రంగు కాకపోవచ్చును. వెలుతురుకు వెలిసినది కొంత, దీపపు పొగకు మాసినది కొంత. చంక కింద, జడ వెనుక, పీఠమునకు ఆనే చోట వెదకితే వెలుతురు తగలని పాత రంగు దొరకును. మా శెట్టెమ్మకు చెవి వెనుక, కొత్త రంగు అందని సందులో, కందిగింజంత మేర చామనఛాయ మిగిలి ఉన్నది. దానిని చూచే తిరిగి కలిపినాము.

ఇక్కడ ఒక నియమము. ముఖమంతా తిరిగి వేయదలచితే ఆ దాగిన రంగుకు సరిపోల్చవలెను. ఒక్క పెచ్చు మాత్రమే పూడ్చదలచితే ఇప్పుడు కనబడుతున్న వెలిసిన రంగుకే సరిపోల్చవలెను. తారుమారైతే పని కంటికి కొట్టవచ్చినట్లు కనబడును.

పాత రంగు ఏ జాతిదో కూడా చూడవలెను. తడి దూదితో అడుగున మెల్లగా అద్దితే రంగు దూదికి వచ్చినచో అది జిగురు కలిపిన నీటి రంగు. అట్టిదానిమీద ఆక్రిలిక్ తిన్నగా వేస్తే కింది పొర కరగి కలిసిపోవును. ముందు పలుచని వార్నీష్ చేయి వేసి ఆరనివ్వవలెను. నూనె ఎనామిల్ నున్నగా ఉండుటచేత దానిమీద ఆక్రిలిక్ సరిగా పట్టదు, ప్రైమర్ పూయవలెను. ఆక్రిలిక్ మీద నూనె రంగు పట్టును.

పేరు వదిలి పదార్థమును చూడుడు

చిత్రకారులు వాడే మంచి గొట్టాలమీద చిన్న అక్షరాలలో ఒక గుర్తు ఉండును. పి.డబ్ల్యు. 6 అంటే టిటానియం తెలుపు. పి.వై. 42 లేక 43 అంటే పసుపుపచ్చ మట్టి, అనగా యెల్లో ఓకర్. పి.ఆర్. 101 లేక 102 అంటే మన ఎర్రమట్టి వంటి ఇనుప ఎరుపు. పి.బి.ఆర్. 7 అంబర్, సియెన్నా జాతి మట్టిరంగు. పి.బి. 29 అల్ట్రామరీన్ నీలము. కంపెనీ ఏదైనా ఈ గుర్తు ఒకటైతే లోపలి పదార్థము ఒకే జాతిది. అయితే రంగు పాలు, నూరిన తీరు వేరుగా ఉండవచ్చును గనుక చుక్కలు కొంచెం ఎక్కువ తక్కువలు చేసుకొనవలెను. ఈ అయిదూ ఉంటే ఏ ఛాయ అయినా కుదురును.

మా ఇంట కుదిరిన పాళ్ళు ఇవి. పసిమిఛాయకు తెలుపు 6 చుక్కలు, పసుపుమట్టి 3, ఎర్రమట్టి 1. చామనఛాయకు తెలుపు 2, పసుపుమట్టి 4, ఎర్రమట్టి 2, బర్న్ట్ అంబర్ 1. నల్లని ఛాయకు బర్న్ట్ అంబర్ 4, ఎర్రమట్టి 2, పసుపుమట్టి 1, నీలము అర చుక్క. ఛాయ ముదరవలెనని నల్లరంగు కలిపితే ముఖము బూడిద పట్టినట్లగును. నీలము, అంబర్ కలిపినదే వాడవలెను. ఆ రెండూ కలిసి చక్కని ముదురునిచ్చును. కళ్ళ కింద, ముక్కు పక్కన అదే మిశ్రమములో అంబర్ కొంచెం పెంచి, నుదుటను, ముక్కు మీదను పసుపుమట్టి, తెలుపు కొంచెం పెంచి అద్దితే అంగుళపు ముఖములో కూడా ప్రాణము వచ్చును.

ఆరిన తరువాతనే తీర్పు

తడిగా ఉన్నప్పుడు సరిపోయినదని మురియరాదు. ఆక్రిలిక్‌లోని జిగురు తడిగా ఉన్నప్పుడు పాలవలె ఉండి, ఆరితే తేట అగును. అందుచేత రంగు ఒక పాలు ముదురును. ముందుగా అట్టముక్కమీద పూసి, ఆరిన తరువాత బొమ్మ పక్కన పెట్టి చూడవలెను. మెరుపు వార్నీష్ వేస్తే రంగు మరింత లోతుగా కనబడును గనుక అట్టముక్కకు కూడా అదే వార్నీష్ వేసి చూచుట మేలు.

చూచే వెలుతురు కూడా ముఖ్యము. పగటి వెలుతురులో ఒకటిగా కనబడిన రెండు రంగులు రాత్రి కొలువు దీపాల కింద వేరుపడవచ్చును. లోపలి పదార్థములు వేరైనప్పుడు ఇట్లా జరుగును. కిటికీ దగ్గర ఒకసారి, కొలువు దీపాల కింద ఒకసారి చూచి గాని కుంచె ముట్టరాదు.

ఒక హెచ్చరిక. పాతకాలపు రంగులలో సీసము ఉండే అవకాశము హెచ్చు. ఇంటి రంగులలో సీసము 90 పి.పి.ఎం. మించరాదని మన దేశములో 2016లో నిబంధన వచ్చి 2017 నవంబరు నుండి అమలైనది. మన బొమ్మలు అంతకు ఎంతో ముందువి. పాత పొరను ఉప్పుకాగితముతో పొడిగా గీకరాదు. లేచిన పెచ్చులను తడిగుడ్డతో అద్ది తీయవలెను. ఆ వేళ పసిపిల్లలను దగ్గరకు రానీయరాదు.

ఎరుపెక్కిన రక్తచందనపు తిరుపతి బొమ్మలకు ఈ బాధ ఏదీ లేదు. కర్ర ఛాయే వాటి ఛాయ. మెత్తని గుడ్డతో తుడిచితే చాలును. వాటికి రంగు పూయుమని ఎవరైనా చెప్పినా వినకుడు.

చివరగా గుమాస్తా మాట ఒకటి. కలిపిన ప్రతి ఛాయకు ఒక అట్టముక్క, దాని వెనుక కంపెనీ పేరు, గుర్తు, చుక్కల లెక్క, తేదీ వ్రాసి ఆ బొమ్మ పెట్టెలోనే ఉంచుడు. కంపెనీలు మారును, సీసాలు మారును. మన తరువాత పెట్టె తెరచేవారికి ఆ ముక్క చేతికి వస్తే చాలును. మా శెట్టెమ్మ అట్టముక్క వెనుక చుక్కల లెక్క పెద్దమ్మగారే స్వయంగా వ్రాసినారు. మీ ఇళ్ళలో కుదిరిన పాళ్ళు ఉన్నచో పత్రికకు వ్రాసి పంపుడు, పదిమందికి పనికివచ్చును.