తాత పేరున ఒక ఫైలు

సంక్రాంతికి గుంటూరు వచ్చిన మా అమ్మాయి అరిసెల పాకం చూడ్డానికైనా కంప్యూటరు ముందునుంచి లేవలేదు. ‘ఏం చేస్తున్నావే?’ అంటే ‘విమ్‌కి ప్యాకేజీ మేనేజరు రాస్తున్నానమ్మా’ అంది. గిన్నెలు తోమే విమ్ తప్ప నాకింకోటి తెలిస్తేగా!

ఇది ప్రోగ్రాములు రాసుకునే ఎడిటరట. నెదర్లాండ్స్‌కి చెందిన బ్రామ్ మోలెనార్ 1991లో విడుదల చేశారు. ఉచితమే, నచ్చితే ఉగాండా పిల్లలకు సాయం చెయ్యమన్నారు. 2023లో ఆయన పోయారు. దీనికి ఎవరెవరో రాసిపెట్టిన చేర్పులు, అంటే ప్లగిన్లు, వేలల్లో ఉన్నాయి. వాటిని తెచ్చి, సర్ది, కొత్తవి వస్తే మార్చేదే ప్యాకేజీ మేనేజరు.

‘ఇదివరకు ఎవరూ రాయలేదా?’ అన్నాను. ఉన్నాయట. కానీ ప్రాజెక్టు ఇవ్వాల్సిన ముందురోజు రాత్రి ఇది అన్ని ప్లగిన్లనూ ఒక్కసారే మార్చేసరికి ఎడిటరు మొరాయించింది. చెడగొట్టింది ఏదో తెలియక తెల్లవార్లూ ఏడ్చిందట. నాకొక్క ఫోనైనా చెయ్యలేదు!

2016లో వచ్చిన విమ్ 8, ఫలానా ఫోల్డరులో పెడితే చేర్పుల్ని తనే తీసుకుంటుంది. కనుక పని తేలిక. గిట్ అనే సాధనంతో తెచ్చుకోవడం, ఏ కూర్పు తెచ్చామో దాని గుర్తు చిన్న ఫైల్లో రాసుకోవడం. చెడితే ఆ గుర్తు చూసి పాత కూర్పుకి వెళ్ళిపోవచ్చు. మొత్తం అరవై లైన్లు.

పర్చూరు దగ్గర మా ఊళ్ళో నాన్నగారు మిర్చి విత్తనాల ఖాళీ ప్యాకెట్టు, బిల్లు పంట చేతికొచ్చేదాకా చూరులో దోపి ఉంచేవారు. కాపు రాకపోతే లాట్ నంబరు చూపించి అడగాలిగా! ఆ మాట చెబితే ‘అచ్చం ఇదేనమ్మా’ అంటూ ఆ ఫైలుకి ‘తాత’ అని పేరు పెట్టింది.