కుందేలు పిల్లలకు మొదటి మూడు వారాలే గండం

తెల్లవారి లేచి చూస్తే బోను తీగల మీద పిల్లలు చల్లబడి పడి ఉంటాయి. తల్లే చంపుకుందని ఇంటిల్లిపాదీ బాధపడతారు. నెల రోజుల మేత, చాకిరీ వృథా అయినట్టే. నిజానికి చాలాసార్లు తప్పు తల్లిది కాదు. వేళకు పెట్టె అమర్చని మనదే.

మన దేశంలో మాంసానికి పెంచే కుందేళ్లలో న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిల్లా పేరున్న జాతులు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల్లో చించిల్లా అనే చిన్న జంతువు ఉంది. దాని బూడిద రంగు బొచ్చును పోలిన బొచ్చు ఉండటంతో ఈ కుందేలుకు ఆ పేరు వచ్చింది. ఎదిగితే 4 నుంచి 5 కిలోలు తూగుతుంది.

జత కట్టించేటప్పుడు ఆడదాన్నే మగదాని బోనులోకి వదలాలి. మగదాన్ని తెస్తే ఆడది మీదపడి కరుస్తుంది. ఆ తేదీని గోడ మీద రాసుకోవాలి. 31 రోజులకు అటూ ఇటూగా పిల్లలు పెడుతుంది. 26వ రోజుకల్లా చెక్కపెట్టె పెట్టి, మెత్తని ఎండుగడ్డి పరచాలి. తల్లి తన బొచ్చు పీకి దానిమీద పక్క వేస్తుంది. పెట్టెకు ముందువైపు జానెడు ఎత్తు గడప ఉండాలి. లేకుంటే చన్ను పట్టుకున్న పిల్ల తల్లితోపాటు బయటికి వచ్చి పడిపోతుంది.

పుట్టిన పిల్లలకు కళ్లుండవు, బొచ్చుండదు. చలి తగిలితే ప్రాణానికే ముప్పు. చల్లబడిన పిల్ల దొరికితే అరచేతుల్లో వెచ్చబరిచి మిగతావాటి మధ్య పెట్టాలి.

తల్లి సాధారణంగా రోజుకు ఒక్కసారే, నాలుగైదు నిమిషాలు పాలిస్తుంది. పగలంతా దూరంగా కూర్చుందని కంగారుపడనక్కర లేదు. పిల్లల పొట్టలు గుండ్రంగా ఉంటే పాలు అందినట్టే. ముడతలు పడి ఉంటే అందనట్టు. అదే సమయంలో ఈనిన మరో తల్లి ఉంటే, మూడు రోజుల లోపు దాని పిల్లల్లో కలిపేయవచ్చు.

ఈనిన తల్లికి నీళ్ల గిన్నె ఎండకూడదు. కుక్కలు, పిల్లులు దరిదాపులకు రాకూడదు. బెదిరిన తల్లి పిల్లలను తొక్కేస్తుంది, ఒక్కోసారి తినేస్తుంది కూడా.

10, 12 రోజులకు కళ్లు తెరుస్తాయి. మూడు వారాలకు పెట్టె దాటి మేత రుచి చూస్తాయి. అయిదారు వారాలకు తల్లి నుంచి వేరు చేయవచ్చు. ఎండాకాలం మాత్రం జాగ్రత్త. వేడికి మగ కుందేళ్లలో సంతాన శక్తి తగ్గుతుంది. తాటాకు పందిరి, తడి గోనెపట్టాలు అవసరం.

మరొక మాట. పొలాల్లో దొరికే చెవులపిల్లిని తెచ్చి పెంచకూడదు. దానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది.