గాజు ఎక్కడిదో, కిటికీ ఇక్కడిది

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పేర్లు చెప్పగానే చాలామందికి మందుల కంపెనీలు, రసాయనాల వాసన గుర్తుకొస్తాయి. అదే పారిశ్రామిక ప్రాంతానికి ఆనుకుని ఉన్న అమీన్‌పూర్, కిష్టారెడ్డిపేట వైపు గత రెండు దశాబ్దాల్లో అపార్ట్‌మెంట్లు లేచాయి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఈ దగ్గరలోంచే వెళ్తుంది. ఇన్ని ఇళ్లకు కిటికీలు కావాలి. ఆ కిటికీల చట్రాలు, తలుపులు, టఫెన్డ్ గ్లాస్ తయారుచేసే పని హైదరాబాద్ చుట్టుపక్కల ఒక పరిశ్రమగా నిలబడింది. ఆ కిటికీలకు వాడే పలక గాజు మాత్రం ఇక్కడ తయారుకాదు. ఎందుకో తెలుసుకుంటే ఈ పరిశ్రమ తీరు చాలావరకు అర్థమవుతుంది.

పాతకాలంలో కిటికీ అంటే వడ్రంగి పని. టేకుతోనో వేపతోనో చౌకట్టు, దానికి ఇనుప ఊచలు, చెక్క రెక్కలు. గాజేమో కలిగినవాళ్ల ఇళ్లలోనే కనిపించేది. ఇంగ్లండ్‌లో క్రిటాల్ అనే కంపెనీ 1884 నుంచే ఉక్కు కిటికీలు చేస్తోంది. ఆ తరహావి మన దగ్గర ఆఫీసులకు, బడులకు, ప్రభుత్వ క్వార్టర్లకు వచ్చాయి. చవక, సన్నం, గట్టి. తుప్పే వాటి శత్రువు. రెండు మూడేళ్లకోసారి రంగు వేయకపోతే మూలలు ఉబ్బి, రెక్క మూసుకోదు.

చెక్క వెనక్కి తగ్గడానికి ధర ఒక కారణం, చట్టం ఇంకో కారణం. 1980 అటవీ సంరక్షణ చట్టం తర్వాత మంచి కలప దొరకడం కష్టమైంది. కేంద్ర ప్రజాపనుల శాఖ 1993లో తన నిర్మాణాల్లో కలప వాడకాన్నే ఆపేసింది. ఆ ఖాళీని పసిగట్టిన తెలుగు సంస్థల్లో ఎన్‌సీఎల్ ఒకటి. మట్టపల్లి దగ్గర నాగార్జున సిమెంటుతో పేరు తెచ్చుకున్న ఈ గ్రూపు, ఇటలీకి చెందిన సెక్కో సంస్థ సాంకేతిక సాయంతో ‘సెక్కోలర్’ కిటికీలు తెచ్చింది. జింకు పూత, దానిపై రంగు ఫ్యాక్టరీలోనే వేసిన ఉక్కు రేకును మడిచి చట్రంగా చేయడం ఇందులో కిటుకు. సైటులో రంగు డబ్బా తెరిచే పనే ఉండదు. కిటికీని అక్కడికక్కడ చేసుకునే వస్తువుగా కాకుండా ఫ్యాక్టరీ నుంచి తెచ్చుకునే వస్తువుగా జనం చూడటం ఇలాంటి వాటితోనే అలవాటైంది.

గాజు కథ దారి వేరు. హైదరాబాద్‌లో గాజు కొలిమి లేకపోలేదు. సనత్‌నగర్‌లో 1972లో మొదలైన అసోసియేటెడ్ గ్లాస్ ఇండస్ట్రీస్ తర్వాత హిందుస్థాన్ శానిటరీవేర్ చేతికి వెళ్లి, ఏజీఐ పేరుతో ప్రసిద్ధమైంది. అయితే అది చేసేది సీసాలు. కిటికీకి కావలసిన పలక గాజు తయారీ పూర్తిగా వేరే విద్య. ఇప్పుడు ప్రపంచమంతా వాడే పద్ధతిని ఇంగ్లండ్‌లోని పిల్కింగ్టన్ కంపెనీ 1959లో ప్రకటించింది. కనిపెట్టినాయన అలస్టెయిర్ పిల్కింగ్టన్. ఇంటిపేరు అదే అయినా యజమానుల కుటుంబీకుడు కాడు. 1,500 డిగ్రీలు దాటిన వేడిలో కరిగిన గాజును, కరిగిన తగరం మీదికి వదులుతారు. గాజు దానిపై తేలుతూ తనంతట తానే సమంగా పరచుకుని, దాదాపు 600 డిగ్రీల దగ్గర గట్టిపడి బయటికొస్తుంది. రెండు వైపులా నునుపే కాబట్టి సాన పట్టే అవసరం లేదు.

ఈ కొలిమిని వెలిగించాక పదిహేనేళ్ల దాకా ఆర్పరు. రోజుకు వందల టన్నుల గాజు వస్తూనే ఉంటుంది. ఒక్క నగరం గిరాకీ దానికి చాలదు. అందుకే దేశంలో ఇలాంటివి కొన్నే ఉన్నాయి: అంక్లేశ్వర్‌లో 1993లో మొదలైన గుజరాత్ గార్డియన్, శ్రీపెరుంబుదూర్‌లో 2000లో మొదలైన సెయింట్ గోబెయిన్ వంటివి. గూడూరు దగ్గరి చిల్లకూరు, కోట ప్రాంతాల సిలికా ఇసుక గాజు కర్మాగారాలకు పేరున్న ముడిసరుకు. అంటే తెలుగునేల ఇసుక పంపిస్తుంది, పలకలు కొనుక్కుంటుంది.

కిటికీ లెక్క దీనికి పూర్తిగా తిరగబడుతుంది. గాజు పలకలను ఒకదానికొకటి ఆనించి లారీలో నింపితే దూరమైనా గిట్టుబాటవుతుంది. బిగించిన కిటికీ చోటు ఎక్కువ తింటుంది, మూలలు దెబ్బతింటాయి. పైగా ఒకే అంతస్తులో రెండు కిటికీల గుంతలు అచ్చంగా ఒకే కొలతలో రావడం అరుదు. కాబట్టి కిటికీ చేసేవాడు ఇళ్లు కట్టేచోటుకు దగ్గరగా ఉండాలి. కొలిమి ఎంత దూరంలో ఉన్నా ఫర్వాలేదు.

అల్యూమినియం స్లైడింగ్ కిటికీలు మొదట షాపులకు, ఆఫీసులకు వచ్చి తర్వాత ఇళ్లకు పాకాయి. కోత మిషను, డ్రిల్లు ఉంటే చిన్న షెడ్డులోనూ చేయొచ్చు కనుక ఫ్యాబ్రికేటర్లు వీధికొకరు పుట్టుకొచ్చారు. అసలు మలుపు యూపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్‌తో వచ్చింది. ప్లాస్టిక్ కిటికీలు 1950లలో జర్మనీలో పుట్టాయి. అక్కడి వేకా కంపెనీ 1969 నాటిది. మన దేశంలో పీవీసీ తయారుచేసే డీసీఎం శ్రీరామ్ సంస్థే ‘ఫెనెస్టా’ పేరుతో వీటికి ప్రచారం తెచ్చింది. హైదరాబాద్‌లో అపర్ణా ఎంటర్‌ప్రైజెస్ చట్రాలు చేసే బద్దలకు, అంటే ప్రొఫైళ్లకు ‘ఒకోటెక్’, కిటికీలకు ‘వెన్‌స్టర్’ అనే పేర్లు పెట్టింది. ఎన్‌సీఎల్ వాళ్లు జర్మన్లతో కలిసి ఎన్‌సీఎల్ వేకా నడుపుతున్నారు.

అల్యూమినియంతో పోలిస్తే యూపీవీసీలో వేడి పాకడం దాదాపు వెయ్యో వంతు. 40 డిగ్రీలు దాటే వేసవిలో ఇది పనికొచ్చే గుణమే. కానీ పలచని ఒంటి గాజు బిగించి, చట్రం గొప్పలు చెప్పుకుంటే లాభం లేదు. ఎండ వచ్చేది ఎక్కువగా గాజులోంచే. పైన సజ్జ ఉన్న పాత ఇల్లు ఈ విషయంలో ఇప్పటికీ చాలా కొత్త ఫ్లాట్ల కన్నా నయం.

షెడ్డులో పని చూస్తే, బోలుగా గదులు గదులుగా ఉన్న ప్రొఫైల్‌ను 45 డిగ్రీల కోణంలో కోస్తారు. లోపల జింకు పూత ఉక్కు బద్ద దూర్చి స్క్రూలు వేస్తారు. కోసేటప్పుడే ఒక్కో చివర సుమారు 3 మిల్లీమీటర్లు అదనంగా ఉంచుతారు. దాదాపు 250 డిగ్రీల వేడి పలకకు రెండు మూలలను ఆనించి, మెత్తబడగానే ఒకదానికొకటి నొక్కుతారు. ఆ అదనపు ముక్క కరిగి అంచుల్లో పొంగుతుంది, దాన్ని చెక్కేస్తారు. మూల ఒకటే ముక్కగా అతుకుతుంది. కింది పట్టీకి సన్నని చీలికలు పెట్టడం మరిచిపోతే వానాకాలంలో ట్రాకులో నీళ్లు నిలిచి ఇంట్లోకి కారతాయి. తర్వాత గ్యాస్కెట్, గాజు, బీడింగ్, దోమల మెష్.

టఫెన్డ్ గ్లాస్‌కు ఇంకా జాగ్రత్త కావాలి. 620 డిగ్రీలకు పైగా వేడిచేసి ఒక్కసారిగా గాలి కొట్టి చల్లారుస్తారు. పైపొర బిగుసుకుని, లోపలి పొర దాన్ని లాగుతూ ఉంటుంది. అందుకే బలం నాలుగైదు రెట్లు పెరుగుతుంది, పగిలితే మొండి గుళ్లుగా రాలుతుంది. ఒకసారి టఫెన్ చేశాక కోయడం, బెజ్జం వేయడం కుదరదు. కొలత తప్పితే పలక మొత్తం దండగ. ప్లాస్టరింగ్, గ్రానైట్ అంచు పూర్తయ్యాకే చివరి కొలత తీసుకుంటామని పనివాళ్లు పట్టుబట్టేది దీనివల్లే. 5 మిల్లీమీటర్ల గాజు చదరపు మీటరుకు పన్నెండున్నర కిలోలు తూగుతుంది కాబట్టి, పై అంతస్తులకు ఎక్కించడమూ ఖర్చులో లెక్కే.

మిగిలిన ముక్కల్లో అల్యూమినియానికి పాతసామాను కొట్లో ఎప్పుడూ ధర ఉంటుంది. యూపీవీసీ ముక్కలను పొడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. గాజు ముక్కలు మాత్రం కరిగించే కొలిమి దాకా చేరాలి. శుభ్రంగా వేరుచేసినవాటికే అక్కడ చోటుంటుంది. ప్లాస్టిక్ పొర అంటుకున్న లామినేటెడ్ గాజును, అద్దాలను కొలిమివాళ్లు సులభంగా తీసుకోరు.