ఇంటి కంప్యూటర్‌కు తాళం, కాగితం మీద 48 అంకెలు

గల్ఫ్‌లో పనిచేసేవాళ్లు ఎక్కువున్న కోనసీమలో ఇంటి కంప్యూటర్ పిల్లల చదువుకే పరిమితం కాదు. పాస్‌పోర్టు, వీసా, ఆధార్ స్కాన్లు, పొలం దస్తావేజులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు చాలా ఇళ్లలో అందులోనే ఉంటాయి. వాటికి కాపలా మాత్రం విండోస్ తెరుచుకునేటప్పుడు అడిగే పాస్‌వర్డ్ ఒక్కటే. అది గొళ్లెం లాంటిది. డిస్కు ఊడదీసి వేరే కంప్యూటర్‌కు తగిలించినా, లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో ఆన్ చేసినా, ఎన్‌క్రిప్షన్ (కీ లేనిదే చదవలేని రూపంలోకి మార్చడం) లేని ఫైళ్లు ఏ పాస్‌వర్డూ అడక్కుండా కనిపిస్తాయి.

విండోస్ కంటే ముందే అడిగే బయోస్ పాస్‌వర్డ్ కూడా అంతంతమాత్రమే. చాలా పాత డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీదున్న 3 వోల్టుల సీఆర్2032 బ్యాటరీ బిళ్లను తీసి, కాసేపాగి పెడితే అది చెరిగిపోతుంది.

అసలు రక్షణ ఎన్‌క్రిప్షన్‌లో ఉంది. ఎందుకో రెండు లెక్కలు చెబుతాయి. చిన్నబడి ఇంగ్లిష్ అక్షరాలు ఎనిమిదితో పెట్టిన పాస్‌వర్డ్‌కు 20,882 కోట్ల అవకాశాలున్నాయి. వినడానికి పెద్ద సంఖ్యే. కానీ ఎన్‌క్రిప్షన్ లేని డిస్కు నుంచి విండోస్ పాస్‌వర్డ్ హ్యాష్‌ను (పాస్‌వర్డ్‌కు బదులు విండోస్ దాచుకునే సంకేతాన్ని) తీసుకున్నవాడికి 2022లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4090 గ్రాఫిక్స్ కార్డు ఒక్కటి చాలు. అది సెకనుకు 28,000 కోట్లకు పైగా ప్రయత్నిస్తుంది. అంటే సెకనులోపే పని పూర్తి.

ఇప్పుడు రెండోది. విండోస్ ప్రోలో ఉండే ఎన్‌క్రిప్షన్ సౌకర్యం బిట్‌లాకర్‌కు స్టార్టప్ పిన్ పెట్టుకోవచ్చు. మామూలుగా 6 అంకెలకు తగ్గకూడదు, 20 దాకా ఉండొచ్చు. 6 అంకెలకు అవకాశాలు 10 లక్షలే. అయితే ఆ పిన్‌ను పరీక్షించేది కంప్యూటర్‌లోని టీపీఎం అనే భద్రతా చిప్. విండోస్ పెట్టిన అమరికలో 32 తప్పులయ్యాక అది బిగుసుకుపోయి, 10 నిమిషాలకు ఒక ప్రయత్నమే ఇస్తుంది. 10 లక్షల పిన్‌లూ ప్రయత్నించాలంటే కోటి నిమిషాలు, దాదాపు 19 ఏళ్లు. పుట్టినరోజు, 123456 లాంటివి పెట్టకుండా ఉంటేనే సుమా.

విండోస్ హోమ్ ఎడిషన్‌లో ఈ పిన్ ఉండదు. సెట్టింగ్స్‌లో ‘డివైస్ ఎన్‌క్రిప్షన్’ ఉంటే ఆన్ చేసుకోండి. ఊడదీసిన డిస్కు అప్పుడు కీ లేనివాళ్లెవరికీ చదవడానికి పనికిరాదు.

తాళం గట్టిదైనకొద్దీ తాళంచెవి పోగొట్టుకుంటే నష్టమూ ఎక్కువే. మదర్‌బోర్డు మార్చినా, కొన్నిసార్లు బయోస్ అప్‌డేట్ చేసినా బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. 2024 జులై 19న భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్ దెబ్బకు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయినప్పుడు, బిట్‌లాకర్ ఉన్న ఎన్నో యంత్రాలను మళ్లీ లేపడానికి ఈ అంకెలు చేత్తో కొట్టాల్సి వచ్చింది.

మైక్రోసాఫ్ట్ ఖాతా వాడేవారి కీ సాధారణంగా ఆన్‌లైన్‌లో దాచి ఉంటుంది. కోనసీమలో అది ఒక్కటే చాలదని నా గట్టి అభిప్రాయం. 2022 మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగాక జిల్లాలో ఇంటర్నెట్ సుమారు రెండు వారాలు నిలిచిపోయింది. ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగులు జిల్లా దాటి సిగ్నల్ వెతుక్కున్నారు. అదే జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటి రాజోలు, పి.గన్నవరం వైపు లంకలు మునిగాయి. మొదటి సందర్భంలో ఆన్‌లైన్ కీ చేతికందదు. రెండోదానిలో ఇంట్లో పెట్టిన కాగితం నీళ్లపాలవుతుంది.

అందుకే కాగితం మీద రెండు ప్రతులుండాలి. ఒకటి ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి బీరువా పై అరలో, రెండోది వరద అందని ఊళ్లో నమ్మకమైన బంధువు దగ్గర. కంప్యూటర్ పెట్టుకునే బల్ల సొరుగులో మాత్రం వద్దు.

చేత్తో రాసుకుంటే సరిచూసుకునే వీలు కీలోనే ఉంది. అది ఆరేసి అంకెల ఎనిమిది గుంపులు. ప్రతి గుంపూ 11తో నిశ్శేషంగా భాగింపబడాలి, ఏదీ 7,20,885 దాటకూడదు. ఒక్క అంకె తప్పు రాసినా, పక్కపక్కనున్న వేర్వేరు అంకెలు తారుమారైనా శేషం మిగులుతుంది. ఆ గుంపును మళ్లీ తెరమీద చూసి దిద్దుకోండి.