అయ్యగారి కోపం, షుగర్ లెక్క

ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నర. రెండో ఆరాధన ఇంకా ముగియలేదు. పాస్టర్ గారు పొద్దున్నే షుగర్ మాత్ర వేసుకుని, టిఫిన్ సంగతి తర్వాత చూద్దాంలే అని బయల్దేరారు. మధ్యలో ఒక ఇంట్లో పుట్టినరోజు ప్రార్థన. తిరిగొచ్చేసరికి మైకు కీచుమంది. అంతే, కీబోర్డు దగ్గరున్న కుర్రాణ్ని సంఘమంతటి ముందూ కడిగేశారు. నుదుటి నిండా చెమట, బైబిలు పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. మౌలాలి రైల్వే క్వార్టర్ల వైపైనా, హౌసింగ్ బోర్డు కాలనీలోనైనా, సంఘాల్లో తిరిగేవారికి ఇది కొత్త దృశ్యం కాదు. ‘దైవజనుడి రోషం’ అని ఒకరు, ‘శోధన’ అని మరొకరు సరిపెట్టుకుంటారు. ఆ చెమటను మాత్రం ఎవరూ పట్టించుకోరు.

డెసిలీటరు రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాముల కంటే దిగితే మెదడుకు ఇంధనం తగ్గే ముప్పు మొదలవుతుంది. ఒంట్లో అడ్రినలిన్ ఎగజిమ్ముతుంది. గుండెదడ, వణుకు, చెమట, ఆకలి, వాటితోపాటే చిరాకు. ఇంకా దిగితే మాట తడబడుతుంది, మనిషి అయోమయంలో పడతాడు. ఇన్సులిన్ తీసుకునేవారికీ, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వాడేవారికీ ఈ ముప్పు ఎక్కువ. మందు వేసుకుని తిండి మానేస్తే ఇక చెప్పేదేముంది? శుక్రవారం ఉపవాస ప్రార్థనలు, శ్రమకాలపు నలభై రోజులు, గుడ్ ఫ్రైడే నాటి మూడు గంటల ఆరాధన, అన్నీ షుగర్ ఉన్న కాపరికి గండాలే. ఉపవాస నియమం గట్టిగా ఉన్న కేథలిక్ సంఘమే రోగులకు మినహాయింపు ఇస్తోంది. తరచూ జబ్బుపడే తిమోతికి పౌలు రాసింది కూడా ఒంటి సంగతి చూసుకోమనే!

ఆ క్షణంలో వాదన పెట్టుకోవద్దు. పాట ఎత్తుకోమని గాయకులకు సైగ చేసి, ఆయన్ని పక్కన కూర్చోబెట్టండి. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇవ్వండి. పావుగంటయ్యాక గ్లూకోమీటరుతో చూసి, తగ్గే ఉంటే మళ్లీ ఇవ్వండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.

అన్ని కోపాలూ షుగర్‌వి కావు. థైరాయిడ్ ఎక్కువైనా, ఆస్తమాకో కీళ్లకో స్టెరాయిడ్లు వాడుతున్నా మనిషి చిటపటలాడవచ్చు. కాలేయం దెబ్బతిన్నవారు పగలు నిద్రపోయి రాత్రి మేలుకుంటూ, ఉన్నట్టుండి తికమకపడుతుంటే ఆలస్యం చేయకూడదు. నెమ్మదస్తుడని పేరున్న మనిషి యాభై, అరవై ఏళ్ల వయసులో మెల్లమెల్లగా మారిపోతుంటే నరాల డాక్టరుకు చూపించాలి. ఎప్పుడు, ఏం తిన్నాక, ఏ మందు తర్వాత కోపం వచ్చిందో పాస్టరమ్మ గారు ఒక నోటుబుక్కులో రాసిపెడితే డాక్టరుకు సగం పని తగ్గుతుంది.

అలాగని రోగం అన్నిటికీ లైసెన్సు కాదు. మార్టిన్ లూథర్‌ను మూత్రపిండాల రాళ్లు, తలతిప్పు, చెవుల్లో హోరు ఏళ్ల తరబడి వేధించాయి. 1537లో చావు అంచుదాకా వెళ్లొచ్చాడు. 1543లో యూదుల మీద విషం కక్కుతూ రాశాడు. ఎంత జబ్బుమనిషైతేనేం, ఆ రాతలను అమెరికాలోని అతిపెద్ద లూథరన్ సంఘం 1994లో బహిరంగంగా తోసిపుచ్చింది. మాట పడ్డ కుర్రాడికి ‘ఆయనకు ఒంట్లో బాగాలేదు బాబూ’ అని చెబితే సరిపోదు. ఒళ్లు కుదుటపడ్డాక అయ్యగారే వెళ్లి క్షమాపణ అడగాలి. చెయ్యి చేసుకోవడం దాకా వస్తే, ఇంట్లోవాళ్లయినా సరే, దాచిపెట్టకూడదు.

మరి ఈ మాట ఆయనకు చెప్పేదెవరు? సీఎస్ఐ లాంటి సంఘాల్లో పైన బిషప్ ఉంటారు. సెలవు, బదులు కాపరి అడగవచ్చు. స్వతంత్ర సంఘాల్లోనే చిక్కు. స్థలం ఆయనదే, సంఘమూ ఆయనదే. అక్కడ ఏడుగురు పెద్దలు కలిసి వెళ్తే పంచాయితీ అవుతుంది. ఆయన మాట వినే ఒక్కరు, పాస్టరమ్మ గారితో కలిసి, ఆయన కడుపు నిండా తిన్నాక మాట్లాడాలి. అప్పటికీ వినకపోతే, డాక్టరు సరేననేదాకా ప్రసంగం ఇంకొకరికి అప్పగించమని కమిటీ గట్టిగా చెప్పాల్సిందే.

సంఘ పెద్దలకు ఒక్క మనవి. రెండు ఆరాధనల మధ్య అరగంట ఖాళీ ఉంచండి. ఆ అరగంటలో ఎవరి ఇంటి ప్రార్థనా పెట్టకండి, ఆయన్ని టిఫిన్ తిననివ్వండి.