పాలు తాగేటప్పుడు పట్టే చెమట

పుట్టుకతో వచ్చే గుండె జబ్బు అనగానే పెదవులు నీలం తిరిగిన బిడ్డే మనసులో మెదులుతుంది. వెయ్యి కాన్పుల్లో 8, 9 మందికి ఉండే ఈ లోపాల్లో ఎక్కువ భాగం బిడ్డను నీలంగా మార్చవు. వాటిని ముందు పసిగట్టగలిగేది స్టెతస్కోపు కన్నా పాలిచ్చే తల్లి. పెద్దవాళ్లకు ట్రెడ్‌మిల్ పరీక్ష ఎలాగో, నెలల బిడ్డకు పాలు తాగడం అలాగ. చీకడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ కలిసి సాగాలి. గుండె ఓపలేకపోతే బిడ్డ నాలుగు గుక్కలు తాగి రొమ్ము వదిలేస్తుంది, రొప్పుతుంది, నుదురు చెమర్చి సోలిపోతుంది, కాసేపటికే ఆకలితో లేచి ఏడుస్తుంది. బరువు మాత్రం పెరగదు. ఇంట్లో దీనికి పాలు చాలట్లేదనో, దిష్టి తగిలిందనో పేరు పెట్టేస్తారు.

పుట్టినప్పుడు డాక్టరు చూసి బాగుందన్నారు కదా అంటారు. ఆ మాటా నిజమే. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది కింది గదుల మధ్య గోడలో రంధ్రం. తొలి రోజుల్లో ఊపిరితిత్తుల రక్తనాళాలు ఇంకా బిగుసుకునే ఉంటాయి కనుక రక్తం అటు పెద్దగా పోదు. నెల, నెలన్నరకు అవి సడలాక ఎడమవైపు రక్తం రంధ్రంలోంచి పోటెత్తి ఊపిరితిత్తులను ముంచుతుంది. మాటిమాటికీ నెమ్ము చేస్తుంది. వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరూ దీన్ని పట్టలేదు, రక్తం ఎర్రగానే ఉంటుంది మరి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు పరీక్షిస్తుంది, మంచిదే, కానీ రెండు నెలల బిడ్డ ఆరు నెలలు ఆగలేదు.

మదురై పక్కన మన వాడిపట్టి ఎండలకు ఏ బిడ్డకు చెమట పట్టదు అని అడగొచ్చు. అందుకే చెమట ఒక్కదాన్నే నమ్మకూడదు. తెల్లవారుజామున చల్లటి వేళ కూడా పాలు తాగేటప్పుడే తల తడుస్తుంటే, బిడ్డ నిద్రలో ఉండగా నిమిషం నిండా ఊపిరి లెక్కపెట్టాలి. రెండు నెలల్లోపు 60, ఆపైన ఏడాదిలోపు 50 దాటితే పిల్లల డాక్టరుకు చూపించాలి. చామనఛాయ బిడ్డకు నీలం పెదవుల మీద తేలదు, నాలుక చూడాలి. ఇక మేనరికం సంగతి: మైసూరులో చేసి 2006లో అచ్చయిన అధ్యయనం దగ్గర చుట్టరికపు పెళ్లిళ్లలో ఈ లోపాలు ఎక్కువని చూపింది. అలాగని బయటి సంబంధం చేసుకున్న ఇంట్లో ఇవి రావనుకోవడం పొరపాటు.

కొన్ని లోపాలు పెద్దయ్యేదాకా దాక్కుంటాయి. పై గదుల మధ్య రంధ్రం ముప్పై, నలభై ఏళ్లకు మెట్లెక్కితే ఆయాసంగానో, గుండెదడగానో బయటపడుతుంది. కొందరికి గర్భంతో ఉన్నప్పుడే తొలిసారి తెలుస్తుంది. రక్తం తక్కువ అని మాత్రలిచ్చి పంపితే అంతే సంగతులు. ఇరవై, పాతికేళ్ల కుర్రవాడికి బీపీ ఎక్కువుంటే మహాధమని ఇరుకైందేమో చూడాలి. అందుకు చేతితో పాటు కాలికీ బీపీ పట్టాలి. కాలిది చేతికన్నా బాగా తక్కువుంటే అనుమానించాల్సింది గుండెనే.